పేపర్లో వచ్చిన ఆరోగ్య సలహాను పాటించే ముందు ఏం చూసుకోవాలి

పత్రికలో ఆరోగ్యం గురించి వచ్చేదంతా ఒక్క చేతి రాత కాదు. వార్తను విలేకరి రాస్తారు. అనుబంధంలోని వ్యాసాన్ని చాలాసార్లు డెస్కులో పనిచేసేవారు ఏదో ఆంగ్ల కథనం ఆధారంగా తయారుచేస్తారు. డాక్టరుగారి ఫొటోతో వచ్చే శీర్షిక కొన్నిసార్లు ఆ డాక్టరు స్వయంగా రాసినదైతే, కొన్నిసార్లు ఆసుపత్రి ప్రచార విభాగం నుంచి సిద్ధంగా వచ్చినదై ఉంటుంది. ప్రకటనను డబ్బు కట్టినవారే రాయించుకుంటారు. పేపరు మడతలో పెట్టి వచ్చే కరపత్రానికైతే ఆ పత్రికతో సంబంధమే ఉండదు. నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా, కనిగిరి పక్క పల్లెలోనైనా పొద్దున గుమ్మంలో పడే కట్టలో ఇవన్నీ కలిసే వస్తాయి కనుక, "పేపర్లో వేశారు" అన్న ఒక్క మాటతో మనం అన్నింటికీ ఒకే విలువ కట్టేస్తున్నాం. వీటిలో ఏది ఎంత నమ్మదగినదో చదివేవారే విడదీసి చూసుకునే పద్ధతిని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యం చదవనివారు కూడా దీన్ని పాటించగలరు. కావలసినదల్లా ఒక కథనాన్ని రెండోసారి, తీరిగ్గా, చివరిదాకా చదివే ఓపిక.

పద్ధతిలోకి వెళ్లే ముందు ఒక నియమం చెప్పాలి. పేపర్లో చదివినదాన్ని బట్టి ఏ మందూ మొదలుపెట్టకూడదు. అంతకన్నా ముఖ్యంగా, వాడుతున్న ఏ మందునూ ఆపకూడదు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపేస్తే కొద్ది రోజుల్లోనే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడమూ అపాయమే. షుగరు బిళ్లల వల్ల కలిగే నష్టాల గురించి వ్యాసం రాసినవారికి మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, ఎవరు ఏం వాడుతున్నారో తెలియదు. ఆ సంగతి తెలిసిన డాక్టరుకు ఆ పేపరు కత్తిరింపును చూపించి అడిగేదాకా మందు యథాప్రకారం సాగాలి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలునని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ప్రకటనను ప్రకటనగా గుర్తించడం

అన్నింటికన్నా ముందు ఆ రాతకు డబ్బు కట్టినవారు ఎవరైనా ఉన్నారా అని చూడాలి. వార్తలాగే కాలమ్‌లు కట్టి, శీర్షిక పెట్టి, ఫొటో వేసి ఇచ్చే ప్రకటనలు ఉంటాయి. వాటిలో ఏదో ఒక మూల చిన్న అక్షరాలతో "ప్రకటన" అనో "అడ్వర్టోరియల్" అనో ఉంటుంది. అక్షరాల తీరు మిగతా పేజీకి కొంచెం తేడాగా ఉంటుంది. చివర ఫోన్ నంబరు ఉంటుంది. ఫలానా తేదీన నెల్లూరులో, మర్నాడు కావలిలో, ఆ మర్నాడు ఒంగోలులో బస్టాండు దగ్గరి లాడ్జీలో వైద్యులు అందుబాటులో ఉంటారని రాసినదైతే ఇక సందేహించవలసిన పని లేదు. అటువంటి చోట మందు తీసుకున్న తర్వాత ఒళ్లంతా దద్దుర్లు లేచినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో తెలియని పరిస్థితి రోగికి మిగులుతుంది.

ఇక్కడ పాఠకుడికి బాగా అక్కరకొచ్చే చట్టం ఒకటి ఉంది. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం, దాని షెడ్యూలులో చేర్చిన జబ్బులను నయం చేస్తామని గానీ రాకుండా చేస్తామని గానీ మందును ప్రకటించడం నేరం. ఆ జాబితాలో మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, పక్షవాతం, మూర్ఛ, బొల్లి మచ్చలు, ఊబకాయం, మూత్రపిండాల్లో రాళ్లు వంటి యాభైకి పైగా జబ్బులూ స్థితులూ ఉన్నాయి. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంటుంది. అంటే "షుగరును శాశ్వతంగా నయం చేస్తాం" అనే ప్రకటన కనబడినప్పుడు ఆ మందు మంచిదా కాదా అని తర్కించనక్కరలేదు. ఆ ప్రకటన అచ్చయిన తీరే చట్టానికి విరుద్ధం. మందు అమ్ముకోవడానికి మొదటి మెట్టులోనే చట్టాన్ని దాటినవారు సీసాలో ఏం పోశారో నిజాయితీగా చెబుతారని నమ్మడానికి కారణం కనబడదు.

ఇది చిన్నాచితకా మందులవారికే పరిమితమైన రోగం కాదు. పతంజలి సంస్థ ప్రకటనల విషయంలో సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకోవడంతో 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ పత్రికల్లో బహిరంగ క్షమాపణలు వేయవలసి వచ్చింది. అదే కేసులో 2024 మే 7న, ప్రకటన అచ్చుకు వెళ్లే ముందు అది తప్పుదారి పట్టించేది కాదని ప్రకటనకర్త స్వయంగా ధ్రువీకరించాలని కోర్టు ఆదేశించింది. స్వయంగా ధ్రువీకరించడం అంటే వేరెవరో పరీక్షించి చూశారని అర్థం కాదని మాత్రం పాఠకులు గమనించాలి. సీసా మీద ఉండే లైసెన్సు నంబరు సంగతీ అంతే. ఆయుర్వేద మందుకు ఇచ్చే లైసెన్సు దాన్ని తయారుచేయడానికి ఇచ్చిన అనుమతి. ప్రకటనలోని ప్రతి మాటకూ ఎవరో రుజువు చూశారన్న హామీ అందులో లేదు. ఇక పొడి డబ్బా మీద ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారమే, మందు కాదు. అటువంటి పోషకాహార డబ్బాల మీద ఔషధంగా వాడటానికి కాదని రాసి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. ప్రకటనలో మోకాళ్ల నొప్పులు పోతాయనీ, డబ్బా వెనక మందు కాదనీ ఉంటే, డబ్బా వెనక ఉన్న మాటనే నమ్మాలి.

డాక్టర్ల శీర్షికల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. జబ్బు లక్షణాలేమిటి, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు, ఏ పరీక్ష ఎందుకు చేస్తారు అని వివరించే శీర్షికలు పత్రికలు చేస్తున్న మంచి పనుల్లో ఒకటి. గుండెపోటు, పక్షవాతం లక్షణాలను పేపర్లో చదివి గుర్తుపట్టి వేళకు ఆసుపత్రికి చేరినవారు ఉంటారు. అదే శీర్షిక ఒక ఫలానా యంత్రం, ఫలానా శస్త్రచికిత్స, అది దొరికే ఫలానా చోటు అంటూ ముగిస్తే దాన్ని ప్రకటనతో సమానంగా చూడాలి. రాసినవారి ప్రత్యేకత ఏమిటో కూడా చూడాలి. ఎముకల వైద్యులు కిడ్నీ రోగుల ఆహారం గురించి రాస్తే, డిగ్రీలు ఎన్ని ఉన్నా ఆ విషయంలో ఆయన మాటకు అంత బరువు ఉండదు.

"పరిశోధనలో తేలింది" అన్నప్పుడు

ఎక్కువ మందిని తికమక పెట్టేవి పరిశోధన వార్తలు. వీటిని ఎలా చదవాలో చెప్పడానికి మన ప్రాంతానికి దగ్గరైన ఉదాహరణే తీసుకుంటాను. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ జబ్బు బాధ ఎరిగిన పల్లెల వారికి చింతపండు మీద జరిగిన పరిశోధన గురించి ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చేసిన ఆ అధ్యయనం 2002లో వెలువడింది. అది నిజమైన పరిశోధన, మంచి సంస్థ చేసిన పరిశోధన. "చింతపండుతో ఫ్లోరోసిస్‌కు చెక్" అని దానికి ఎవరైనా శీర్షిక పెడితే చదివినవారు ఏం చేయాలి?

మొదట, ఎవరి మీద చేశారని చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బాలుర మీద చేశారు. వెన్నెముక బిగుసుకుపోయి నడుము వంగిన పెద్దల మీద చేయలేదు. ఎంతమంది అని చూస్తే, ఇరవై మందికి మించలేదు. ఎంతకాలం అంటే, రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు. ఇక అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఏం కొలిచారన్నది. మూత్రంలో ఎంత ఫ్లోరైడ్ బయటికి పోతున్నదో కొలిచారు, అది పెరిగిందని కనుగొన్నారు. ఎముకల నొప్పి తగ్గిందా, బిగుసుకున్న కీలు కదిలిందా అన్నది ఆ అధ్యయనం అడిగిన ప్రశ్న కాదు. కాబట్టి ఆ పరిశోధన నుంచి న్యాయంగా తీయగల మాట ఇది: చింతపండు తిన్నప్పుడు ఒంట్లోంచి ఫ్లోరైడ్ కాస్త ఎక్కువగా బయటికి పోవచ్చు, దీన్ని ఇంకా పరిశీలించాలి. చేపల పులుసులో చింతపండు పడుతున్నది కదా, ఇక బోరు నీళ్లే తాగవచ్చు అనుకోవడానికి అందులో ఏ ఆధారమూ లేదు. పరిశోధన తప్పు కాదు, శాస్త్రవేత్తలు అతిగా చెప్పలేదు. శీర్షిక ఒక్కటే మూత్రం పరీక్ష నుంచి రోగ నివారణ దాకా ఒక్క గంతు వేసింది. ఎవరి మీద, ఎంతమంది మీద, ఎంతకాలం, ఏం కొలిచారు అన్న ఈ నాలుగు ప్రశ్నలను ఏ కథనానికైనా ఇలాగే వేయవచ్చు. వాటికి జవాబు కథనంలో ఎక్కడా లేకపోతే, ఆ కథనం మీద ఆధారపడి వంటింట్లో గానీ మందుల పెట్టెలో గానీ ఏదీ మార్చకూడదు. ఎలుకల మీద చేసిన ప్రయోగమైతే ఆ సంగతి చాలాసార్లు చివరి పేరాలో ఒక్క వాక్యంగా ఉంటుంది; అందుకే చివరిదాకా చదవాలన్నాను.

ఇలాంటి గంతులు ఎక్కడ మొదలవుతాయో పరిశీలించినవారు ఉన్నారు. బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాలు ఆరోగ్య పరిశోధనల మీద 2011లో పత్రికలకు పంపిన 462 ప్రెస్ నోట్లను మూల పరిశోధనలతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. పాఠకులకు ఇచ్చే సలహాను మూల పరిశోధన కన్నా పెంచి చెప్పినవి ఆ ప్రెస్ నోట్లలోనే 40 శాతం ఉన్నాయి. విశ్వవిద్యాలయం పెంచి రాసినప్పుడు పత్రికలూ పెంచి రాశాయి, అది అదుపులో ఉన్నప్పుడు పత్రికల్లో అతి చాలా తగ్గింది. ఈ సంగతి తెలిశాక విలేకరులనే తిట్టడం అన్యాయమని నాకు అనిపిస్తుంది. తెలుగు పాఠకుడి దాకా వచ్చేసరికి ఆ సమాచారం విశ్వవిద్యాలయం, వార్తాసంస్థ, ఆంగ్ల పత్రిక, తెలుగు డెస్కు అన్న నాలుగైదు చేతులు మారి ఉంటుంది. "కావచ్చు" అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయి "అవుతుంది" అన్న మాట మిగులుతుంది.

పరిశోధన పేరుతో ఏదైనా అచ్చు వేయించడం ఎంత తేలికో 2015లో జాన్ బొహానన్ అనే అమెరికన్ పాత్రికేయుడు రుజువు చేసి చూపాడు. కేవలం 15 మంది మీద, బరువు మొదలుకొని 18 రకాల కొలతలు తీసుకుని, వాటిలో అనుకోకుండా అనుకూలంగా వచ్చినదాన్ని పట్టుకుని, చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని అతను ఒక పత్రం ప్రచురించాడు. పద్ధెనిమిది కొలిస్తే ఏదో ఒకటి కలిసిరావడం వింత కాదు. ఇరవైకి పైగా దేశాల్లో పత్రికలు దాన్ని వార్తగా వేసుకున్నాయి. తర్వాత అతనే అసలు సంగతి బయటపెట్టాడు. తక్కువ మంది, ఎక్కువ కొలతలు, వినసొంపైన ఫలితం, ఈ మూడూ కలిసి కనబడినప్పుడు పాఠకుడు జాగ్రత్తపడాలి.

శాతాలను చదవడం

ముప్పు "రెట్టింపు" అయిందని, "50 శాతం" పెరిగిందని రాసినప్పుడు, ఎంత నుంచి ఎంతకు అని అడగాలి. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని రకాల కొత్త గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెట్టింపవుతున్నదని హెచ్చరిక వెలువడింది. పత్రికలు అదే మాటను పతాక శీర్షికలకు ఎక్కించాయి. నిజానికి ఆ ముప్పు ఏడు వేల మందిలో ఒకరికి ఉన్నది ఏడు వేల మందిలో ఇద్దరికి అయింది. రెట్టింపు అన్న మాట అబద్ధం కాదు. అయినా ఆ ఒక్క మాట విని భయపడి ఎందరో స్త్రీలు మాత్రలు మానేశారు. ఆ తర్వాతి ఏడాది ఇంగ్లాండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13 వేల అబార్షన్లు జరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చే ముప్పు కన్నా ఎక్కువ. ఏడు వేలలో ఒకరు, ఇద్దరు అన్న అంకెలను శీర్షిక కింద మొదటి వాక్యంలో వేసి ఉంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పేది.

క్యాన్సర్ జాబితాల వార్తలదీ దాదాపు ఇదే గొడవ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పదార్థాలను తరగతులుగా విభజిస్తుంది. ఆ తరగతి ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. 2023 జులైలో షుగరు ఉన్నవారు వాడే తీపి పదార్థం అస్పర్టేమ్‌ను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న తరగతిలో చేర్చినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం అప్పటికే అదే తరగతిలో ఉంది. ఆరోగ్యం కోసమని పొద్దున్నే కలబంద రసం తాగమనే వ్యాసాలు అదే పత్రికల్లో వస్తున్నాయి. అదే సమయంలో మరో నిపుణుల సంఘం అస్పర్టేమ్‌కు ఉన్న రోజువారీ పరిమితిని, శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాములను, మార్చనక్కరలేదని తేల్చింది. రెండు నిర్ణయాలూ ఒకే రోజు వచ్చినా మొదటిదే శీర్షికకు ఎక్కింది.

"ఇవాళ ఒకటి చెబుతారు, రేపు మరొకటి" అన్న విసుగు

రొయ్యలూ గుడ్లూ తింటే కొలెస్టరాల్ పెరుగుతుందని ఏళ్ల తరబడి చదివినవారికి, 2015-20 కాలానికి వచ్చిన అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ అన్న పరిమితిని తీసేశాయని చదివితే విసుగు పుట్టడం సహజం. రొయ్యల చెరువులున్న నెల్లూరు జిల్లాలో ఆ వార్త ఆసక్తితో చదివి ఉంటారు. సంతృప్త కొవ్వుల మీద ఉన్న పరిమితిని మాత్రం అవే మార్గదర్శకాలు అలాగే ఉంచాయి. రొయ్యలను నూనెలో వేయించుకు తినే లెక్క అక్కడ మారలేదు.

ఈ విసుగులో పడి అన్నింటినీ కొట్టిపారేయడం, అన్నింటినీ నమ్మడం కన్నా పెద్ద తప్పు. కొన్ని మాటలు మారుతున్నాయంటే కారణం ఉంది. ఫలానా ఆహారం తినేవారిలో ఫలానా జబ్బు తక్కువగా కనబడిందంటే, ఆ ఆహారమే కారణమని వెంటనే చెప్పలేం. వారు వ్యాయామం చేసేవారో, డబ్బున్నవారో, పొగ తాగనివారో అయి ఉండవచ్చు. కూరగాయలు, పండ్లు బాగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని గమనించి, అందులోని బీటా కెరోటిన్‌ను మాత్రలుగా ఇచ్చి చూశారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే పురుషుల మీద చేసిన ఆ ప్రయోగ ఫలితం 1994లో వచ్చింది. మాత్ర వేసుకున్నవారిలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనబడింది.

మరోవైపు పొగాకు సంగతి చూడండి. ఒంగోలు, కందుకూరు పరిసరాల్లో పొగాకు పండించి, బేరన్లలో కాల్చి, వేలం కేంద్రాలకు తోలి బతికిన కుటుంబాలు వేలల్లో ఉన్న ప్రాంతం ఇది. 1950లో బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రచురించినప్పటి నుంచి ఈ మాట ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. ఎక్కువ తాగినవారికి ఎక్కువ ముప్పు, మానేసినవారికి క్రమంగా తక్కువ ముప్పు, ఏ దేశంలో చూసినా అదే ఫలితం. ఒక ఆరోగ్య వార్త ఎంత గట్టిదో తెలుసుకోవడానికి ఇదే గీటురాయి: ఇది ఒక్క అధ్యయనం మాటా, లేక వేర్వేరు చోట్ల వేర్వేరు వ్యక్తులు చేసిన అధ్యయనాలన్నీ ఒక్క చోటికే వచ్చాయా? ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం, పిల్లలకు టీకాలు వేయించడం, బీపీ మందులు క్రమంగా వేసుకోవడం వంటివి రెండో రకం. వాటికి పత్రికలో కొత్తదనం ఉండదు కనుక పెద్ద శీర్షిక రాదు.

కృష్ణపట్నం నుంచి నేర్చుకోవలసినది

2021 మే నెలలో కోవిడ్ రెండో ఉధృతి నడుస్తున్నప్పుడు, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న మందు కోసం వేల మంది తరలివచ్చారు. పడకలు దొరకని, ఆక్సిజన్ దొరకని ఆ రోజుల్లో అక్కడికి వెళ్లినవారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. నేను మాట్లాడుతున్నది ఆ వార్తలను చదవవలసిన తీరు గురించే. జనం పోటెత్తడంతో ప్రభుత్వం పంపిణీని ఆపించి పరిశీలన చేయించింది. మే 31న కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి, మరికొన్ని మందులకు అనుమతినిచ్చింది. ఆ అనుమతికి ఆధారమైన నివేదికలో రెండు వేర్వేరు మాటలున్నాయి: ఈ మందు వల్ల హాని కనబడలేదు, దీనివల్ల కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు. డాక్టర్లు రాసిన మందులు ఆపవద్దని కూడా ప్రభుత్వం చెప్పింది. "అనుమతి వచ్చింది" అన్న వార్తను చదివిన చాలామంది మొదటి మాటను విని రెండో మాటను వదిలేశారు. హాని లేదన్న మాట, పని చేస్తుందన్న మాట ఒకటి కావని పాఠకుడు ప్రతిసారీ గుర్తుచేసుకోవాలి.

అప్పట్లో "మందు తీసుకున్నాక కోలుకున్నాను" అన్న మాటలు పత్రికల్లోనూ టీవీల్లోనూ చాలా వచ్చాయి. చెప్పినవారు అబద్ధమాడలేదు. అయితే కోవిడ్ వచ్చినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు. ఆ మందు తీసుకున్నవారెందరు, వారిలో కోలుకున్నవారెందరు, తీసుకోనివారిలో కోలుకున్నవారెందరు అన్న మూడు లెక్కలూ పక్కపక్కన లేకపోతే, ఎన్ని వందల సాక్ష్యాలు వేసినా అవి రుజువు కావు. పైగా కోలుకోనివారు ఇంటర్వ్యూ ఇవ్వడానికి ఉండరు.

ఈ కొలమానాన్ని ఆధునిక వైద్యానికి కూడా అంతే కచ్చితంగా వాడాలి. 2020 మార్చిలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన 36 మంది రోగుల చిన్న అధ్యయనంతో మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు కోవిడ్ మందుగా లోకమంతా మోగింది. అదే ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రయోగం ఆసుపత్రిలో చేరిన రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది. మొదటి అధ్యయనాన్ని 2024 డిసెంబరులో ఉపసంహరించారు. ఉపసంహరణ వార్త ఎన్ని పత్రికల్లో కనబడిందో పాఠకులే గుర్తుచేసుకోవచ్చు.

ఆ సలహా మీ కోసమేనా

మంచి సలహా కూడా అందరికీ మంచిది కాదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవారి ఒంట్లో పొటాషియం నిలిచిపోయి గుండె లయ తప్పవచ్చు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదానిలోనూ చాలావరకు సోడియం స్థానంలో చేర్చేది పొటాషియమే. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నవారు వ్యాసం చదివి ఒక్కసారిగా ఆకుకూరలు బాగా పెంచినా, తగ్గించినా రక్తం పలుచబడే లెక్క మారిపోతుంది. గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ, కాలేయ రోగులు, రోజూ నాలుగైదు రకాల మాత్రలు వేసుకునే పెద్దవారు ఏ సాధారణ ఆహార సలహానైనా అడిగి తెలుసుకున్నాకే పాటించాలి.

జిల్లా పేజీని నిర్లక్ష్యం చేయవద్దు

రంగుల అనుబంధంలోని "పది చిట్కాలు" కన్నా జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో రెండు కాలమ్‌లలో వచ్చే వార్త పాఠకుడి ఆరోగ్యానికి ఎక్కువ పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం. ఫలానా కాలనీలో డెంగీ కేసులు వచ్చాయి, ఫలానా ఊరి బోరులో ఫ్లోరైడ్ ఇంత ఉంది, ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుక్కకాటు టీకా లేదు అన్న వార్తల్లో ఊరి పేరు ఉంటుంది, అధికారి పేరు ఉంటుంది, తప్పయితే మర్నాటికే ఊరివారే నిలదీస్తారు. సరిచూసుకునే వీలున్న వార్తే నమ్మదగిన వార్త.

ఆ వార్తలనూ అంకెలతో చదవాలి. డెంగీ విషయంలో అప్పటికప్పుడు చేసే కార్డు పరీక్షలో అనుమానితంగా తేలినవారి సంఖ్యకూ, ప్రయోగశాలలో చేసే ఎలైజా పరీక్షలో నిర్ధారణ అయిన సంఖ్యకూ తేడా ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రుల లెక్కా ప్రభుత్వ లెక్కా కలవకపోవడానికి ఇది ఒక కారణం. నెల్లూరు వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ కనుక, దాదాపు అదే కాలంలో బొప్పాయి ఆకు రసం వ్యాసాలూ వస్తాయి. చిన్న అధ్యయనాల్లో ప్లేట్‌లెట్లు కొంత పెరిగినట్టు కనబడినా, దానివల్ల ప్రాణాలు నిలుస్తాయన్న రుజువు లేదు. ఆ వ్యాసాల్లో తరచుగా కనబడని సంగతులే ప్రాణం కాపాడేవి: డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోకూడదు, జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లోనే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫ్లోరైడ్ వార్తలో అంకె లేకపోతే ఆ వార్త సగమే. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పీపీఎం అని రాసినా అదే లెక్క. ఒకే ఊళ్లో ఒక బోరుకూ మరో బోరుకూ తేడా ఉంటుంది కాబట్టి, ఊరి పేరు పేపర్లో చూసి భయపడటమో, కనబడలేదని నిశ్చింతగా ఉండటమో కాకుండా, మీరు తాగే నీటిని సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. మన నేల మీద ఈ జబ్బును గుర్తించిన తీరు కూడా ఇలా కొలిచి చూసినదే. 1937లో షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికలో ప్రచురించారు. నేటి దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే, ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు.

కత్తిరింపుతో ఏం చేయాలి

ఉపయోగపడుతుందనిపించిన కథనాన్ని కత్తిరించి, వాడుతున్న మందుల చీటీతో కలిపి ఉంచి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపించడం మంచి అలవాటు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోని వైద్యులు, ఎవరినైనా అడగవచ్చు. ఆహారం గురించైతే జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన 17 మార్గదర్శకాలతో సరిపోల్చుకోవచ్చు. అవి మన వంటలు, మన ధాన్యాలు తెలిసినవారు రాసినవి.

మోసపూరితమైన మందుల ప్రకటన కనబడితే ఊరుకోకూడదు. మందు గురించి జిల్లాలోని ఔషధ నియంత్రణ కార్యాలయానికి, ప్రకటన గురించి భారత ప్రకటనల ప్రమాణాల మండలికి ఫిర్యాదు చేయవచ్చు. కథనం మీదైతే ముందు ఆ పత్రిక సంపాదకుడికి లేఖ రాయాలి. జవాబు రాకపోతే, వచ్చినా తృప్తిగా లేకపోతే, ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దినపత్రికలో వచ్చినదాని మీద ఫిర్యాదు రెండు నెలల లోపు చేరాలి, దానితో కత్తిరింపునూ తెలుగు రాతకు అనువాదాన్నీ జతచేయాలి. కత్తిరింపు మీద పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్యతో పాటు ఎడిషన్ పేరు కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి. నెల్లూరు ఎడిషన్‌లో వచ్చిన ప్రకటన ఒంగోలు ఎడిషన్‌లో ఉండకపోవచ్చు.